ఫోటో కింద పేరు

అరవై నాలుగేళ్ళు వచ్చేదాకా మియసాకా తొకికోకు తన పేరు ఎక్కడైనా అచ్చులో చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. రాకుండా ఉన్నా బాగుండేది. పదహారేళ్ళకు పుట్టాల్సిన కోరిక అరవై దాటాక పుడితే అది మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు.

ఒకాయా అనే ఊళ్ళో, సరస్సుకు ఎగువ వీధిలో, రెండు గదుల ఇల్లు ఆమెది. పెళ్ళి చేసుకోలేదు. బడి అయిపోయిన మర్నాడే లెన్సుల ఫ్యాక్టరీలో చేరి ముప్పై ఏడేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుంది. గాజు బిళ్ళల్ని గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పేర్చి, అన్నిటి నడిబొడ్డూ ఒకే గీత మీదికి వచ్చేలా సర్దడం ఆమె పని. వెంట్రుకలో పదో వంతు పక్కకు జరిగినా ఫోటో చెడుతుంది. లెన్సు పాసయితే కంపెనీ పేరున్న బంగారు రంగు చీటీ అంటించేవారు. ఫెయిలయితే లోపల పెన్సిలు గుర్తు చూసి, అది సర్దిన మనిషిని పేరు పెట్టి పిలిచేవారు. అంత కాలంలో తొకికోను అలా పిలిచింది నాలుగే సార్లు. ఆ నాలుగూ ఆమెకు తారీఖులతో సహా గుర్తే. చివరికి కంపెనీ ఆ పనంతా వేరే దేశానికి తరలించి, ఆడవాళ్ళందరికీ తలా ఒక గోడ గడియారం ఇచ్చి ఇంటికి పంపింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒగుచి డాక్టరు ఆమె గుమ్మం తొక్కాడు. ఆయన పళ్ళ డాక్టరు, ఊళ్ళో నక్షత్రాల సంఘానికి అధ్యక్షుడు. చేతిలో ఒక కెమెరా, నలభై ఏళ్ళ నాటి బరువైన పాత లెన్సు ఒకటి.

"తొకికో గారూ, ఇది మీ ఫ్యాక్టరీలో పుట్టిందేనండీ. దీనికి మళ్ళీ మీరే దిక్కు," అన్నాడు చెప్పులు విప్పుతూనే.

మనుషుల ముఖాలు సహజమైన రంగులో పడటానికి కెమెరా లోపల ఒక పల్చటి గాజు పెడతారు. అది ఎరుపును చాలా మటుకు అడ్డుకుంటుంది. ఆకాశంలో మేఘాల్లాంటి వాయువులు వెలిగేదేమో ఆ ఎరుపులోనే. అందుకని నక్షత్రాల పిచ్చి పట్టినవాళ్ళు ఆ గాజును పీకించేస్తారు. పీకించాక కెమెరా లోపల దూరాల లెక్క మారిపోతుంది. పాత లెన్సును చివరంటా తిప్పినా చుక్క చుక్కలా రాదు, బొరుగు గింజలా ఉబ్బి వస్తుంది. డాక్టరు బాధ అదీ.

తొకికో లెన్సును కెమెరాకు తగిలించే రింగును గాజు పలక మీద పరిచిన సన్నటి గరుకు కాగితం మీద రుద్ది రుద్ది వెంట్రుకవాసి తగ్గించింది. చలికి గడ్డకట్టే పాత గ్రీజు కడిగేసి కొత్తది రాసింది. చుక్కలకు మీసాల్లాంటి గీతలు మొలవకుండా ముందు భాగంలో నడుమ గుండ్రటి బెజ్జమున్న ఒక ఇత్తడి బిళ్ళ పెట్టింది. ఆఖరున ముందు గాజును పట్టి ఉంచే మూడు మరలూ వదులు చేసి, దాన్ని గోటితో జరుపుతూ జరుపుతూ మధ్యకు తెచ్చి, మరలు బిగించి, కదలకుండా ఒక్కోదాని మీద ముదురెరుపు లక్క చుక్క వేసింది. పరీక్ష పక్కింటి నోబుఏ వాళ్ళ పట్టుగూళ్ళ కొట్టులో. కిటికీ లేని మట్టిగోడల కొట్టు అది, పట్టపగలు కూడా చీకటే. ఆ చివర రేకు డబ్బాలో దీపం, డబ్బాకు సూదిపోటంత బెజ్జం. అదే ఆమె నక్షత్రం. దాన్ని ఫోటోలో నాలుగు మూలలకూ తీసుకెళ్ళి చూసేది, ఎక్కడ పెట్టినా గుండ్రంగా రావాలి. కొండల మీదికి వెళ్ళి నిజం చుక్కలు చూసే అలవాటు ఆమెకు లేదు, చలి పడదు.

ఆ లెన్సుతో డాక్టరు తీసిన ఫోటో నక్షత్రాల మాసపత్రికలో పడింది. ఆయన పత్రిక పట్టుకొచ్చి చూపించాడు. ఎర్రటి మేఘం, దాని నిండా సూదిపోట్లలాంటి చుక్కలు. తొకికో ఆ మేఘాన్ని చూడలేదు, మూలల్నే చూసింది. నాలుగు మూలలా చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. తను ముప్పై ఏడేళ్ళు సర్దిన లెన్సులు ఏం ఫోటోలు తీశాయో ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. ఇదే మొదటిది. కళ్ళు తడిసిపోయాయి.

తరువాత ఫోటో కింద వరస చదివింది. ఆ పత్రికలో ప్రతి ఫోటో కిందా అన్నీ రాస్తారు. తీసినవారి పేరు, వయసు, కెమెరా, దానిలో గాజు తీసింది ఎవరు, లెన్సు, ఎంత సేపు, ఏ కొండ మీద, ఆఖరికి ఆ వేళ చలి ఎంత. చలికి కూడా చోటు ఉంది. తొకికోకు లేదు.

ఆ మాట అడగటానికి ఆమెకు పదకొండు రోజులు పట్టింది. అద్దం ముందు నిలబడి అనుకుని చూసుకుంది కూడా. రెండో లెన్సు తీసుకోవడానికి డాక్టరు వచ్చినప్పుడు టీ పోసి, ఊరగాయ ముక్కలు ముందు పెట్టి, తల వంచుకుని అడిగింది.

డాక్టరు నవ్వాడు. "నూడుల్సు బాగున్నాయని రాసేవాడు పిండి విసిరిన తిరగలి సంగతి రాస్తాడా అండీ?"

"తిరగలి అడగదు కదండీ. నేను అడుగుతున్నాను."

ఆయన ఊరగాయ ముక్క నోట్లో వేసుకున్నాడు. "అదీ నిజమే. వచ్చేసారి తప్పకుండా వేయిస్తాను."

వచ్చేసారి చోటు చాల్లేదన్నారట. ఆ పై ఏడు రద్దీలో మరిచిపోయాడట. మూడో ఏడు సాకు చెప్పడం కూడా మరిచిపోయాడు. ఈలోగా ఆయన ఫోటోల పుణ్యమా అని ఇతర ఊళ్ళ నుంచి కూడా లెన్సులు తొకికో ఇంటికి రాసాగాయి. పని దండిగా ఉండేది. పేరు మాత్రం నోటి మాటే, ఎక్కడా అచ్చులో లేదు.

నోబుఏ ఫ్యాక్టరీలో ఆమె పక్క బల్ల మనిషి. నోరు ఊరుకోదు. "సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనే. నువ్వు కళ్ళు పోగొట్టుకుని సర్దు, ఆయన మెడలో పతకాలు వేసుకుని తిరుగుతాడు."

"పతకం నాకెందుకే. ఒక్క వరస చాలు."

"ఆ ఒక్క వరసే ఆయనకు ప్రాణం మీదికి వస్తుంది. చూస్తూ ఉండు."

నాలుగో ఏడు చలికాలంలో డాక్టరు ఫోన్ చేశాడు. "పత్రిక వాళ్ళ చలికాలం పోటీకి వేటగాడి నక్షత్రాల ఫోటో పంపానండీ. ఈసారి మీ పేరు రాసే పంపాను. పత్రిక ఐదో తారీఖున వస్తుంది."

ఐదో తారీఖున తొకికో స్టేషను దగ్గర పుస్తకాల షాపు తెరవకముందే వెళ్ళి నిలబడింది. రెండు ప్రతులు కొనాలనుకుంది, ఒకటి చదవడానికి, ఒకటి దాచుకోవడానికి. నిలబడే తిరగేసింది. అక్కడ ఉంది. లెన్సు సర్దుబాటు: మియసాకా తొకికో, ఒకాయా. అక్షరాల మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. తప్పు లేదు, తన పేరే.

అప్పుడు పక్కనున్న న్యాయనిర్ణేత మాట చదివింది. "రంగు అమోఘం. కానీ కుడి వైపు చుక్కలకు తోకలు మొలిచాయి. లెన్సు సర్దుబాటులో లోపం ఇది. ఇంత మంచి రాత్రిని అది పాడు చేసింది. లేకుంటే మొదటి బహుమతి దీనిదే."

ఒక్క ప్రతే కొంది.

ఇంటికి వచ్చి భూతద్దం పెట్టి చూసింది. నిజమే, కుడి వైపు చుక్కలన్నీ ఒకే దిక్కుకు సాగి ఉన్నాయి. ముందు గాజు పక్కకు జరిగితే తప్ప అలా రావు. తను కొట్టులో పరీక్షించినప్పుడు నాలుగు మూలలా గుండ్రంగా వచ్చాయి, కావలసినన్ని సార్లు చూసింది. మరి జరిగిందంటే మరలు సరిగ్గా బిగించలేదా? పొద్దున్నే టీ కప్పు ఎత్తేటప్పుడు కుడి చెయ్యి కొద్దిగా అదురుతోందని ఆమె కొన్నాళ్ళుగా గమనిస్తూనే ఉంది, ఎవరికీ చెప్పలేదు. చెయ్యి బల్ల మీద పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

మత్సుమొతో అనే ఊరి నుంచి ఒకాయన ఫోన్. "అమ్మా, నా లెన్సు ఇంకా విప్పలేదు కదా? అయితే అలాగే పంపించెయ్యండి. మా అబ్బాయి చూస్తానంటున్నాడు." ఆయనకు అబ్బాయి లేడని ఆమెకు తెలుసు. నెల తిరిగేసరికి ఐదు లెన్సులు, విప్పనివి విప్పనట్టే, వచ్చిన దారినే పోయాయి. కొత్తవి రాలేదు. పేరు లేనప్పుడు నిండుగా ఉన్న బల్ల, పేరు అచ్చయ్యాక బోసిపోయింది.

లెన్సు ఒకసారి చూడాలని తొకికో డాక్టరుకు మూడుసార్లు ఫోన్ చేసింది. చివరికి ఆస్పత్రికే వెళ్ళింది.

"డాక్టరు గారు పేషెంట్లను తప్ప చూడరండీ," అంది చీటీలు రాసే అమ్మాయి.

"అయితే పన్ను నొప్పి అని రాసుకోమ్మా."

కుర్చీలో పడుకోబెట్టి, కళ్ళ మీద దీపం వేసి, డాక్టరు నోరు తెరవమన్నాడు. తెరిచింది. అద్దం ఒకటి, పీల్చే గొట్టం ఒకటి, కొక్కెం ఒకటి లోపలికి వెళ్ళాయి. అప్పుడు ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మీరెందుకు వచ్చారో నాకు తెలుసండీ. మీ మీద నాకేం కోపం లేదు, ఒట్టు. వయసు మీద పడ్డాక చేతులు అదరవా? మా నాన్నగారికీ అంతే. ఇంకొంచెం తెరవండి. ఆఁ. సంఘంలో వాళ్ళు ఒకటే గోల, ఆ పెద్దావిడకు ఇక లెన్సులు ఇవ్వొద్దని. నేనే సర్దిచెప్పాను. పాపం ఒంటరి మనిషి, పని లేకపోతే ఏం తోస్తుంది, ఒక్క తప్పుకే తీసి పారేస్తామా అన్నాను."

తొకికో ఏదో అనబోయింది.

"మాట్లాడకండి, నాలుకకు తగులుతుంది. మొదటి బహుమతి పోయిందని బాధ లేదంటే అబద్ధం. అయినా పోనివ్వండి, మీరు కావాలని చేశారా ఏమన్నా? ఇదుగో, ఇక్కడ పాతది ఊడింది. సిమెంటు వేసేస్తాను." తెల్లటి సిమెంటు పూసి, నీలం దీపం పట్టి గట్టిపరిచాడు. "ఇక పదేళ్ళు కదలదు."

నోరు కడుక్కునేసరికి మత్తు సూదికి సగం పెదవి మొద్దుబారి ఉంది. అడగాలనుకున్నవన్నీ ఆ మొద్దుబారిన నోట్లోనే ఉండిపోయాయి. కుర్చీ పక్కన నిలబడి, నడుం వంచి నమస్కరించి, "నా వల్ల మీకు నష్టం జరిగింది, క్షమించండి," అంది. నిజంగానే అనుకుని అంది.

డాక్టరు జాలిగా తల ఊపి, సొరుగులోంచి లెన్సు సంచీ తీసి ఇచ్చాడు. "వేసవికి హంస నక్షత్రాల ఫోటో తీయాలి. ఈసారి జాగ్రత్తగా, ఏం?"

ఇంటికి వెళ్ళి, దీపం కిందికి లాక్కుని, ముందు కవచం విప్పింది. మూడు మరల మీదా తను వేసిన ముదురెరుపు లక్క పెచ్చులు లేచిపోయి ఉంది. దాని మీద తెల్లగా, నున్నగా, గట్టిగా మరేదో పూసి ఉంది. భూతద్దం పెట్టి చూసింది. సూదితో గీరింది. గీత పడలేదు. నాలుక దానంతట అదే వెళ్ళి ఇందాక పూడ్చిన పన్నును తడిమింది. రెండూ ఒకటే.

మొదట కలిగింది కోపం కాదు. "నా చేతులు బాగానే ఉన్నాయి," అని పైకే అంది, ఇంట్లో ఎవరూ లేకపోయినా. ఆ తర్వాత ఒళ్ళు భగ్గుమంది. ఆయన మరలు విప్పినందుకు కాదు, అబద్ధమాడినందుకు కూడా అంత కాదు. తను వెళ్ళి క్షమించమని అడిగినందుకు.

సాయంత్రం నోబుఏ వచ్చి భూతద్దంలో చూసి పకపకా నవ్వింది, నవ్వి నవ్వి ఆఖరున తిట్టింది. "ఆడలేక మద్దెల ఓడన్నాడట ఇలాంటివాడే. లెన్సుకు పంటి సిమెంటు పూసే మొనగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. పత్రికకు ఉత్తరం రాయి. ఫోటో తీసి పంపు."

"ఏమంటారో తెలుసా? ముసల్ది తను చెడగొట్టి డాక్టరు మీదికి తోస్తోంది అంటారు. ఊళ్ళో సగం నోళ్ళు ఆయన చేతిలో ఉన్నాయి, నీ నోటితో సహా."

నోబుఏ దవడ తడుముకుంది. వచ్చే వారం ఆమెకు కట్టుడు పళ్ళు పెట్టాలి. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

తొకికో డాక్టరుకు ఫోన్ చేసింది. ఈసారి ఎత్తాడు.

"మరల మీద పంటి సిమెంటు ఉందండీ."

"అదా. కొండ మీద చలికి ఆ రింగు వదులైనట్టు అనిపించిందండీ. కాస్త బిగించాను. బిగించడం కూడా తప్పేనా?"

"బిగించే ముందు విప్పారు."

"చూడండి తొకికో గారూ, నేను సంఘానికి అధ్యక్షుణ్ణి. లెన్సు విప్పడం తెలీక విప్పాడని పత్రికలో పడితే నేను తలెత్తుకు తిరగ్గలనా? మీకేముందండీ, మిమ్మల్ని ఎరిగినవాళ్ళెవరు?"

"అందుకే అడిగానండీ, ఎరగాలని. పత్రికకు ఒక్క వాక్యం రాయండి. తప్పు సర్దినామెది కాదని. అంతే చాలు."

"రాస్తాను. తప్పకుండా రాస్తాను. మీరు ముందు లెన్సు బాగు చెయ్యండి."

నమ్మిందా అంటే, నమ్మలేదు. నమ్మకపోతే చేయడానికి వేరే ఏమీ లేదు గనక నమ్మింది. ఆ తెల్ల సిమెంటును సూది మొనతో, రవ్వంత రవ్వంత గీరి తీయడానికే నాలుగు రోజులు పట్టింది.

"వంకరగానే వదిలెయ్యి," అంది నోబుఏ. "ఇంకోసారి తోకలు మొలవనీ, రోగం కుదురుతుంది."

"వంకరగా వదిలితే పోయేది నా పేరే కదే."

"నీ పేరు పోయిందిగా."

తొకికో దీపం దగ్గరికి లాక్కుంది. ముందు గాజును గోటితో జరిపింది. చేతికి అదురు లేదు, ఆ పని చేసేటప్పుడు ఎప్పుడూ ఉండేది కాదు. కొట్టులో డబ్బా వెలిగించి చూసింది. ఆ లెన్సు పుట్టిననాడు ఫ్యాక్టరీలో కూడా అంత బాగా కుదిరి ఉండదు.

అక్టోబరు సంచికలో హంస నక్షత్రాల ఫోటో పేజీ నిండా పడింది. వేసవి పోటీలో మొదటి బహుమతి. తొకికో స్టేషను దగ్గర నిలబడే చదివింది. "చుక్కలు మూలల దాకా సూదిపోట్లే," అని మెచ్చుకున్నాడు న్యాయనిర్ణేత. "క్రితంసారి లోపాన్ని ఒగుచి గారు తామే పూనుకుని సవరించుకున్న తీరు ఈ అభిరుచి ఉన్న ప్రతి ఒక్కరికీ ఆదర్శం." ఫోటో కింద వరసలో చలి సంగతి ఉంది, కొండ పేరు ఉంది. లెన్సు సర్దుబాటు: ఫోటో తీసినవారే. డాక్టరు పత్రికకు రాయనే రాశాడన్నమాట. ఒక్క వాక్యమే రాశాడు.

పత్రికను షాపు బల్ల మీద తిరిగి పెట్టేసింది. ఇంటి దాకా నడిచింది, దారిలో ఎవరో పలకరిస్తే పలికింది, ఎవరో గుర్తు లేదు.

నవంబరు చివర్లో ఆస్పత్రి నుంచి పెద్ద పెట్టె వచ్చింది. లోపల నాలుగు పాత లెన్సులు, వాటి మీద ఎవరెవరివో పేర్లు, నాలుగు ఊళ్ళు. పైన డాక్టరు చేతిరాతలో ఉత్తరం. "పత్రిక చూసి అందరూ నన్నే సర్దిపెట్టమంటున్నారండీ, కాదనలేకపోతున్నాను. నాకు తీరికెక్కడిది? మీకూ పని దొరికినట్టుంటుంది. అయిపోయాక నేరుగా వాళ్ళకే పంపించెయ్యండి. పంపినవారి చీటీలు లోపల పెట్టాను." చీటీలు నాలుగూ అచ్చు వేసినవే. పంపినవారు: ఒగుచి దంత వైద్యశాల.

మూడు రోజులు ఆ పెట్టె గుమ్మం దగ్గరే ఉంది. దాటుకుని తిరిగింది. నోబుఏ కొత్త పళ్ళతో వచ్చి చూసి, "ఇవి ముట్టుకున్నావంటే నీకు సిగ్గు లేనట్టే," అంది.

"సిగ్గుందే. కూర్చుంటే పొద్దు పోవట్లేదు," అంది తొకికో.

నాలుగో నాడు పెట్టె విప్పింది. మొదటిది ఆమె ఎరిగిన రకమే, లోపల గ్రీజు రాయిలా గట్టిపడి ఉంది. రెండోదానికి ముందు గాజు బాగా పక్కకు ఉంది. ఒక్కొక్కటే కడిగింది, రుద్దింది, జరిపింది, కొట్టులోకి తీసుకెళ్ళి నాలుగు మూలలా చూసింది. రెండు వారాలకు అన్నీ కుదిరాయి. అట్టపెట్టెల్లో సర్ది, తాడు కట్టి, పైన అంటించే చీటీల కోసం చెయ్యి చాచింది. కలం పక్కనే ఉంది. తన పేరు రాసి అంటిస్తే ఆపేవాళ్ళెవరూ లేరు. అప్పుడు ఆ పేరు చదివి, ఆ నలుగురూ తమ లెన్సులు చెడిపోయాయనుకుంటారు.

డాక్టరు పంపిన చీటీలు నాలుగూ తడిపి, వంకర లేకుండా, మూలలు నొక్కి అంటించింది.